నీళ్లు చొరబడని పని

తాడేపల్లిగూడెం రెండు నేలలు కలిసే చోట ఉన్న ఊరు. దక్షిణానికి దిగితే అంతా డెల్టా. కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, ఆకివీడు వైపు మళ్లితే కొల్లేరు. ఉత్తరానికి ఎక్కితే మెట్ట. వెంకట్రామన్నగూడెం, నల్లజర్ల, ద్వారకా తిరుమల దాకా ఎర్రనేలలు, కొబ్బరి, కోకో, ఆయిల్‌పామ్ తోటలు. కింద కాస్త వరి, పైన కాస్త తోట ఉన్న రైతులు ఈ చుట్టుపక్కల కనిపిస్తూనే ఉంటారు. మూడెకరాల వరికి, నాలుగెకరాల తోటకి పెద్ద ట్రాక్టరు కొనడం దండగ. ఎడ్లను మేపే ఓపిక ఇళ్లలో ఎప్పుడో పోయింది. అందుకే పాతికేళ్ల నాటి పవర్ టిల్లర్లు ఇక్కడ పాత ఇనప సామాను కొట్టుకి చేరకుండా ఇంకా బతికి ఉన్నాయి. వాటిని బతికిస్తున్న చేతుల పని దగ్గరగా చూడదగ్గది.

మంచు కురిసే దేశాల్లో ఈ పనికి దగ్గరి బంధువు ఒకటి ఉంది. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో కబ్ క్యాడెట్ అనే చిన్న తోట ట్రాక్టరును తెచ్చింది. 1963లో జాన్ డీర్ తన 110ను తెచ్చింది. అరవై ఏళ్లు దాటినా అలాంటి బళ్లను విప్పి, బాగుచేసి, చలికాలంలో ముందు బ్లేడు తగిలించి వాకిట్లో మంచు తోస్తారు. ఎండాకాలంలో అదే బండి పొట్ట కింద కత్తుల పెట్టె బిగించి గడ్డి కోస్తారు. అక్కడ స్థిరపడిన మన కుటుంబాలకు ఇది చూసిన దృశ్యమే. ఒకే బండి, రెండు కాలాలు, రెండు పనులు. మన దగ్గర మంచు స్థానంలో బురద ఉంది. సార్వాకి, దాళ్వాకి, అంటే రెండు వరి పంటలకి, ఇనప చక్రాలతో దమ్ము చేసిన టిల్లరే మిగతా రోజుల్లో రబ్బరు చక్రాలతో తోట వరసల మధ్య గడ్డి, కలుపు అణచాలి. మంచు పైనుంచి కరిగి జారిపోతుంది. కొల్లేటి బురద మాత్రం లోపలికి రావడానికి దారి వెతుక్కుంటుంది. ఇక్కడి మిస్త్రీల నేర్పంతా ఆ దారులు మూయడంలోనే ఉందని నా నమ్మకం.

టిల్లరు మనకు జపాన్ వరిచేల నుంచి వచ్చింది. 1960ల దశకంలోనే హైదరాబాదులో ‘కృషి’ పేరుతో టిల్లర్లు తయారయ్యాయి. 1967లో బెంగళూరులో ఏర్పడిన వి.ఎస్.టి. కంపెనీ మిత్సుబిషి సాంకేతిక సహకారంతో ‘శక్తి’ని చేసింది. 1973లో కేరళ ప్రభుత్వ సంస్థగా పుట్టిన కామ్కో కుబోటా సహకారంతో తన టిల్లరు తెచ్చింది. గోదావరి జిల్లాల షెడ్డుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రెండే. అయితే నేలను కొరికే ఆ తిరుగుడు కత్తుల ఆలోచన ఇంకా పాతది. ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రవాడు 1912లో తండ్రి పొలంలో దాన్ని మొదటిసారి ప్రయత్నించాడు. మొదట్లో కత్తులు మట్టిని పక్కకు విసిరేసేవి. కత్తి కొసను వంచి పెట్టాకే మట్టి నిలిచింది. 1920లో పేటెంటు తీసుకున్నాడు. టిల్లరు వెనక వంగి ఉన్న కత్తిని చేత్తో పట్టుకున్నప్పుడు ఆ వంపు వెనక ఇంత చరిత్ర ఉందని తెలిస్తే దాన్ని చూసే చూపు మారుతుంది.

కొల్లేరు అంచున పెద్ద ట్రాక్టరు ఎందుకు తంటాలు పడుతుందో ఆ నేలలో కాలు పెట్టినవాడికి చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏళ్లు ఏటా తెచ్చి పోసే ఒండ్రు అది. నీళ్లు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. కాలు మోకాలిదాకా దిగే చేలో బరువైన ట్రాక్టరు దిగబడితే దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు కావాలి. నాలుగు వందల కిలోలకు అటూఇటూగా ఉండే టిల్లరు ఇనప చక్రాల మీద తేలిపోతుంది. పైగా వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. ఆ ఉప్పు తగిలిన ఇనుము మామూలు నీళ్లలో తడిసిన ఇనుములా ఉండదు. ఏడాది నిలబడిన టిల్లరును విప్పితే, ఏ ఊరి చేలో పనిచేసిందో బోల్టుల తుప్పు చూసి చెప్పే మిస్త్రీలున్నారు.

బాగుచేతకి కాలం వేసవి. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, జూన్లో మళ్లీ వదులుతారు. ఆ మధ్యలో గూడెం షెడ్డుల ముందు టిల్లర్లు వరసకడతాయి. నేను పక్కన కూర్చుని చూసింది ఒక పెద్దాయన పని. రేకుల షెడ్డు, ఒక కుర్ర సహాయకుడు, పక్కనే తెలిసినవాళ్ల లేత్. వచ్చిన బండి పాత శక్తి 130. ఒకే సిలిండరు, పడుకున్న ఇంజను, 13 హార్స్‌పవర్. సిలిండరు వ్యాసం 95 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 95, మొత్తం 673 సి.సి. హ్యాండిల్ పెట్టి తిప్పితేనే స్టార్టవుతుంది.

ఆయన వెంటనే పానా పట్టుకోలేదు. హ్యాండిల్ పెట్టి ఇంజన్ని చాలా నెమ్మదిగా తిప్పుతూ, గాలి నొక్కుకునే చోట ఆపి, చెవి పెట్టాడు. గాలి వడపోత గొట్టంలో ‘స్‌స్’ అని వినిపిస్తే లోపలికి గాలి తెచ్చే వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదని అర్థం. సైలెన్సర్లో వినిపిస్తే పొగ వాల్వు. ఆయిలు పోసే మూతి దగ్గర వినిపిస్తే రింగులు. డీజిల్ ఇంజనుకి నిప్పు వేరే ఎవరూ పెట్టరు. నొక్కుకున్న గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. గాలి ఎక్కడ జారిపోతే అక్కడ ప్రాణం జారిపోతుంది. విప్పకముందే జబ్బు ఎక్కడుందో తెలుసుకుంటే అనవసరంగా విప్పే పని తప్పుతుంది. ఆ బండిలో రెండు చోట్ల వినిపించింది, పొగ వాల్వు దగ్గర, రింగుల దగ్గర.

రైతు కొత్త లైనరు, పిస్టను సెట్టు తేవడానికి సిద్ధంగానే ఉన్నాడు. మిస్త్రీ హెడ్ విప్పి లైనర్‌ని గేజితో పై నుంచి కింద దాకా, నిలువుగా, అడ్డంగా కొలిచాడు. లైనరు ఎప్పుడూ పిస్టను వెనుదిరిగే పైకొస దగ్గరే ఎక్కువ అరుగుతుంది, అక్కడ వేలి గోటికి తగిలే గట్టు ఏర్పడుతుంది. ఇక్కడ గట్టు ఉంది కానీ కొలత హద్దులోనే ఉంది. “ఆయ్, లైనరు మార్చక్కర్లేదండి. రింగులు చాలు. ఆ డబ్బులు వెనకాల పెడదాం” అన్నాడు. ఏది మార్చాలో చెప్పేవాళ్లు చాలామంది. ఏది మార్చనక్కర్లేదో చెప్పి, దాన్ని తన పూచీ మీద వదిలేసేవాడి దగ్గరే నాకు పనితనం కనిపిస్తుంది.

కొత్త రింగుని ఉత్తినే లైనర్లో పెట్టి, పిస్టనుతో తిన్నగా లోపలికి నెట్టి, రింగు రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి దూర్చి చూశాడు. ఈ సైజు సిలిండరుకి ఆ సందు మిల్లీమీటరులో మూడో వంతుకి అటూఇటూ ఉండాలి. సందు తక్కువైతే వేడికి రింగు పెరిగి కొసలు గుద్దుకుని విరుగుతుంది. ఎక్కువైతే గాలి జారుతుంది. ఒక రింగు కొసని ఆకురాయితో రెండు మూడు సార్లు తాకించి మళ్లీ కొలిచాడు. లైనరు లోపలి నునుపుని రాతితో అడ్డదిడ్డంగా గీశాడు. అద్దంలా ఉన్న గోడ మీద ఆయిలు నిలవదు. ఆ సన్నటి గీతలే ఆయిల్ని పట్టుకుంటాయి. వాల్వు నూరడం కుర్రాడికి అప్పగించాడు. పేస్టు రాసి, కర్రని రెండు అరచేతుల మధ్య అటూఇటూ తిప్పుతూ, మధ్యమధ్యలో లేపి చోటు మారుస్తూ. సీటు చుట్టూ ఒకే వెడల్పున బూడిదరంగు పట్టీ వచ్చేదాకా ఒప్పుకోలేదు. చివరికి వాల్వు బిగించి, వెనక దారిలో కిరసనాయిలు పోసి వదిలేశారు. చుక్క కారలేదు.

నాజిల్ గురించి రెండు మాటలు. సూది, అది కూర్చునే ఒర ఒకదానికొకటి నూరి జత చేసినవి. వాటి మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, అంటే మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో రెండో మూడో. ఒక నాజిల్ సూదిని ఇంకో దాన్లో పెడితే పనికిరాదు. టెస్టరుకి బిగించి మీట నొక్కితే డీజిల్ పొగమంచులా, కరకరమని తెగుతూ రావాలి. కొసన చుక్క నిలబడితే అది లోపల కాలకుండా పిస్టను మీద పడుతుంది. ఆ జల్లుకి చెయ్యి అడ్డం పెట్టబోయిన కుర్రాణ్ని ఆయన గట్టిగా కసిరాడు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని పొడుచుకుని లోపలికి పోతుంది.

ఇక్కడిదాకా ఏ ఊరి మంచి మిస్త్రీ అయినా చేసేదే. కొల్లేరు మిస్త్రీ పని వెనక భాగంలో మొదలవుతుంది. గేరుబాక్సు అడుగున మర విప్పితే నల్లగా రావాల్సిన ఆయిలు మజ్జిగలా తెల్లగా కారింది. నీళ్లు చేరాయి. అలాంటి ఆయిలు పళ్ల మధ్య నిలవదు, బేరింగులు తుప్పు పడతాయి. కొత్త ఆయిలు పోసి పంపించేస్తే ఒక సీజను గడుస్తుంది, రైతూ సంతోషిస్తాడు. ఆయన ఇరుసుల్ని బయటికి లాగాడు.

ఇరుసు బయటికి వచ్చే చోట ఆయిల్ సీల్ ఉంటుంది. రబ్బరు పెదవి, దాన్ని ఇరుసుకి నొక్కిపట్టే సన్నటి స్ప్రింగు. రబ్బరు మెత్తన, ఇరుసు ఉక్కు. అయినా అరిగేది ఇరుసే. ఒండ్రులోని సన్నటి ఇసుక రేణువులు రబ్బరులో ఇరుక్కుని ఆకురాయిలా మారి, తిరిగే ఉక్కుని ఏళ్ల తరబడి కోస్తాయి. ఇరుసు చుట్టూ గాడి పడుతుంది. గాడి పడిన ఇరుసు మీద కొత్త సీల్ వేస్తే దాని పెదవి గాడిలోనే కూర్చుని, వారం తిరక్కుండా కారుతుంది. “సీలు నకిలీదండి” అని రైతు కొట్టువాడి మీద కోప్పడతాడు. తప్పు సీలుది అయ్యుండదు.

ఆయన ఇరుసుని గుడ్డతో తుడిచి, గోరు అడ్డంగా జరిపాడు. గోరు ఆగింది. ఒక ఇరుసు మీద గాడి సన్నగా ఉంది, ఇంకోదాని మీద లోతుగా ఉంది. సన్నదానికి సులువైన మందు ఉంది. సీల్ కూర్చునే గుంటలో వెనక పలచని వాషరు వేసి, సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపితే, దాని పెదవి అరగని కొత్త చోట నడుస్తుంది. ఖర్చు దాదాపు శూన్యం. కాకపోతే ఆ వాషరు సరిగ్గా ఒకే మందంలో ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా సీల్ వంకరగా కూర్చుంటుంది. దాన్ని ఆయన రేకు నుంచి కోసి, నూరి, నాలుగు వైపులా కొలిచి చేశాడు. లోతైనదాన్ని లేత్‌కి పంపాడు. అక్కడ గాడి పడిన చోట వెల్డింగుతో నింపి, మళ్లీ అసలు కొలతకి తరగాలి. వెల్డింగు వేడికి ఇరుసు వంగకుండా కొంచెం ఒకవైపు, కొంచెం ఎదురువైపు వేస్తూ చల్లారనిస్తూ పోవాలి. తరిగాక సన్నటి ఎమెరీ కాగితంతో తిరుగుతున్న ఇరుసుని తిన్నగా మెరుగు పెట్టాలి. ఎమెరీని పక్కకి జరుపుతూ మెరుగు పెడితే మరచుట్టు లాంటి గీత పడుతుంది. ఇరుసు తిరుగుతుంటే ఆ గీతే ఆయిల్ని బయటికి, నీళ్లని లోపలికి నడిపిస్తుంది. కంటికి కనపడని గీత. లేత్ దగ్గర నిలబడి ఆయన చూసింది ఆ ఒక్కటే.

ఇంతా చేశాక నేను ఊహించని చోటికి వెళ్లాడు. గేరుబాక్సు పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది గ్రీజుతో, మట్టితో పూడుకుపోయింది. “నీళ్లు రావడానికి సగం కారణం ఇదేనండి” అన్నాడు. చాలాసేపు పనిచేసి వేడెక్కిన గేరుబాక్సు చల్లటి నీళ్లలో దిగుతుంది. లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. పైన రంధ్రం తెరిచి ఉంటే అటు నుంచి గాలి వస్తుంది. మూసుకుపోతే, సీలు పెదవి కింద నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఎంత మంచి సీలైనా బయటికి నెట్టే ఆయిల్ని ఆపడానికి చేసిందే, లోపలికి పీల్చే ఒత్తిడిని ఎక్కువసేపు ఓర్చుకోలేదు. ఆయన ఆ రంధ్రం శుభ్రం చేసి, దానికి గొట్టం తగిలించి, హ్యాండిలు ఎత్తుదాకా తీసుకెళ్లి కొసని కిందికి వంచాడు. చూపుడు వేలంత సన్నటి గొట్టం. ఈ మొత్తం బాగుచేతలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అది.

రోటరీ కత్తులు సగానికి సగం అరిగి ఉన్నాయి. ఎడమ వంపువి కొన్ని, కుడి వంపువి కొన్ని. ఇరుసు చుట్టూ మెలికగా బిగించాలి, ఒకేసారి రెండు కత్తులు నేలని కొట్టకుండా. ఒకటి తారుమారైతే బండి ఒకవైపు లాగుతుంది, చాళ్ల మధ్య దున్నని గట్టు మిగులుతుంది. కత్తులన్నీ నేల మీద పరిచి, బిగించే వరస సుద్దతో రాసుకున్నాకే మొదటి బోల్టు పెట్టాడు. 60 సెంటీమీటర్ల వెడల్పు రోటరీతో ఎకరం ఒక్కసారి తిరగాలంటే బండి వెనక ఆరున్నర కిలోమీటర్లకు పైగా నడవాలి. దమ్ములో రెండు మూడు సార్లు తిరగాలి. బండి లాగుతుంటే ఆ భారమంతా నడిచేవాడి భుజాల మీదే.

తోట పనికి లెక్క వేరు. ఏలూరు దగ్గర పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తోట రైతుకి సలహాలకు కొరత లేదు. ఆయిల్‌పామ్ మొక్కలు తొమ్మిది మీటర్ల ఎడంలో త్రికోణంగా నాటుతారు, ఎకరానికి 57 చెట్లు. మధ్యలో టిల్లరు తిరగడానికి చోటు బోలెడు. కానీ చెట్టు తిండి తినే సన్న వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుని ఉంటాయి. దమ్ములో దించినట్టు కత్తుల్ని లోతుగా దించితే అవి తెగుతాయి. అందుకే రోటరీ వెనక తోక చక్రం ఎత్తు మార్చే మర సాఫీగా తిరగాలి. ఈ బండికి అది తుప్పుతో బిగుసుకుపోయి ఏళ్లయింది. వేడి చేసి, నూనె పెట్టి, మళ్లీ వేడి చేసి, విరక్కుండా కదిలించాడు. మర మీద మూడు చోట్ల రంగు చారలు పెట్టాడు. పైన గడ్డికి, మధ్యది కలుపుకి, కింద దమ్ముకి.

బెల్టులు మూడూ ఒకేసారి మార్చాడు, ఒకటే తెగినా. పాతవి సాగి ఉంటాయి, కొత్తది ఒక్కటే బరువంతా మోసి అదీ పోతుంది. రెండు పుల్లీల మీదుగా దారం లాగి వరస చూశాడు. హ్యాండిలు పిడుల కింద ఉండే స్టీరింగు క్లచ్చులు రెండూ ఒకే దూరంలో పట్టు వదిలేలా సరిచేశాడు. ఎడమ పిడి నొక్కితే ఎడమ చక్రానికి శక్తి ఆగి బండి ఎడమకి తిరుగుతుంది. కాలువ గట్టు దిగేటప్పుడు మాత్రం ఇది తలకిందులవుతుంది. శక్తి ఆగిన చక్రం పల్లానికి స్వేచ్ఛగా పరుగెత్తి, బండి కుడికి తిరుగుతుంది. కొత్తగా తోలేవాళ్లు బండితో సహా కాలువలో పడేది ఇక్కడే. రైతు కొడుకుని పిలిచి, షెడ్డు ముందున్న వాలులో బండి దింపించి, చేతికి అలవాటయ్యేదాకా ఆయన వదల్లేదు. అది కూడా బాగుచేతలో భాగమే అన్నట్టు చేశాడు. నిజంగా భాగమే.

దమ్ము చక్రాల పట్టీలు రెండు ఊడి ఉంటే కొత్త యాంగిల్ ముక్కలు వెల్డింగు చేశాడు. ఆ చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు చెడుతుంది, జరిమానా కూడా పడుతుంది. అందుకని చేను గట్టు దగ్గరే చక్రాలు మార్చుకోవాలి. బురద చేతులతో, ఒంటరిగా. హబ్బు బోల్టులన్నీ ఒకే సైజుకి మార్చేశాడు, ఒక్క పానాతో పని అయ్యేలా. రంగు ఆఖరున వేశాడు. తుప్పు గీకి, రెడ్ఆక్సైడ్ పూసి, పైన ఒక పూత. ఆయిలు పోసే మూతుల చుట్టూ, గాలి రంధ్రం దగ్గర మాత్రం బ్రష్షు తాకనివ్వలేదు.

బిగించేముందు చేసిన ఒక పని చెప్పి తీరాలి. వాషరు వేసి సీలు జరిపిన ఇరుసు వైపు, సీల్ కూర్చునే గుంట అంచున సెంటర్ పంచ్‌తో ఒక చుక్క కొట్టాడు. లేత్ పట్టిన వైపు కొట్టలేదు. రేపు ఈ బండి ఎవరి చేతికి వచ్చినా, ఆ చుక్క చూసి ఇక్కడ సీలు ఒకసారి జరిగిందని, ఇంకోసారి జరపడానికి చోటుందని తెలుసుకోవాలి. రెండో చుక్క పడ్డాక ఇక చోటుండదు. అప్పుడు ఆ ఇరుసూ లేత్‌కి వెళ్లాల్సిందే. ఈ గుర్తులు అందరికీ తెలుసా అని అడిగాను. “కొల్లేరు బళ్లు చేసేవాళ్లకి తెలుసండి” అని, గేరుబాక్సు మూత తీసుకుని ప్యాకింగు అతికించడానికి వంగాడు.